మేడ మీద కొలిమి పెడతానన్న అమ్మలుకి

అమ్మలూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, నీ కూతురు మేడ మీద కొలిమి పెడతానంటోంది, చక్రం చేస్తుందట" అన్నాడు. వాడు టెన్షన్ పడుతున్నాడు కానీ నాకు ముందు నవ్వొచ్చింది. మనింట్లో కొలిమి ఆరిపోయి ఎన్నేళ్ళయిందో, ఇక మీ తరంలో సుత్తి అంటే గోడకి మేకు కొట్టడానికే అనుకుని ఊరుకున్నాను. మీ పెద్దమ్మ "ఆడపిల్లకి ఇనప పనేంటి" అంటే, కంచరపాలెం షెడ్డులో మీ నానమ్మ కొంగు నడుముకి బిగించి సమ్మెట కొట్టేదని గుర్తు చేశాను. ఇక మాట్లాడలేదు. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. ఎందుకో కింద చెప్తాను, ముందు పని సంగతి చూద్దాం.

గురుద్వారా జంక్షన్ దగ్గర ఊరేగింపులో నువ్వు చూసింది నిహంగ్ సిక్కుల చక్రం, వాళ్ళు సిక్కుల్లో యోధుల వర్గం. పల్చటి ఉక్కు కడియం, మధ్యలో అంతా ఖాళీ, పదును బయటి అంచుకే. ఎత్తైన తలపాగాకి ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటారు, పంజాబ్‌లో ఆనంద్‌పూర్ సాహిబ్‌లో జరిగే హోలా మొహల్లా పండక్కి వెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి. పూర్వం యుద్ధంలో చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పి వదిలేవాళ్ళు. సినిమాలో విష్ణుచక్రంలా వెళ్ళి పని ముగించుకుని మళ్ళీ వేలి మీదకి వచ్చి కూర్చోదు తల్లీ, ఎక్కడ పడితే అక్కడికి నువ్వే నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి. దారిలో ఎవరున్నారో దానికి తెలీదు. అందుకే ముందే చెప్తున్నా, అంచు మొద్దుగా ఉంచు. చేతితో తడిమితే గుండ్రంగా తగలాలి. గత్కా, అంటే సిక్కుల యుద్ధవిద్య, నేర్చుకునేవాళ్ళకీ సాధనకి మొద్దుదే మంచిది. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం ఒకటుంది, పదును పెట్టిన పెద్ద కత్తులూ అందులోకి వస్తాయి, ఆ తలనొప్పి మీ నాన్నకి ఎందుకు?

మేడ మీద వద్దు. ఎర్రటి ఇనుము శ్లాబు మీద పడితే సిమెంటు టప్పున పేలి పెచ్చులు ఎగురుతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి మొదలవుతుంది, నీ నిప్పురవ్వలు పక్కింటివాళ్ళ టార్పాలిన్ మీదకే పోతాయి. పెరట్లో మునగచెట్టుకి దూరంగా మట్టి నేల మీద పెట్టు. పొద్దున్నే సూర్యుడు పైకి రాకముందు మొదలుపెట్టు, ఎండలో ఎరుపు కనపడక నువ్వు ఇంకా ఇంకా కాలుస్తావు. నూలు బట్టలే వేసుకో, నైలాన్ చున్నీ వద్దు, జడ ముడి వేసి గుడ్డ కట్టు. గ్రైండర్‌కి గార్డు తీయకు, ఆ నాలుగంగుళాల బిళ్ళ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది.

ఇనుము. ఆటోనగర్ స్క్రాప్‌లో చవగ్గా దొరుకుతుందని గాల్వనైజ్డ్ పైపు గానీ మెరుగు పూసిన పట్టీ గానీ తేకు. దాని మీదున్న జింకు 907 డిగ్రీలకి ఆవిరైపోతుంది, నీ కొలిమి వేడి అది దాటుతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. మొదటి చక్రం మామూలు మెత్తటి ఇనప పట్టీతో చెయ్యి. నీకు నచ్చదని తెలుసు, నీ కళ్ళు లారీ స్ప్రింగులోని కమాన్ పట్టీ మీద ఉన్నాయి. అది రెండోదానికి.

కొలత చెప్తాను. బయట 8 అంగుళాలు, పట్టీ వెడల్పు అంగుళం అనుకో. మధ్యన కొలిస్తే 7 అంగుళాలు, అంటే పట్టీ పొడవు 22, అతుక్కి ఇంకో అంగుళం. ఇక్కడ ఒక తమాషా ఉంది. పట్టీకి ఒక అంచునే సుత్తితో పల్చబరిస్తే ఆ అంచు సాగుతుంది, పట్టీ తనంతట తానే రెండో వైపుకి వంగుతుంది. కొడవలి చేసేటప్పుడు ఇదే మాకు ఏడుపు, దానికి పదును లోపలివైపు కాబట్టి కొట్టేకొద్దీ వంపు విప్పుకుపోతుంది, అందుకని ముందే ఎక్కువ వంచి పెట్టుకుంటాం. నీ చక్రానికి పదును బయట కదా, నువ్వు పల్చబరిచేకొద్దీ అదే గుండ్రం తిరుగుతుంది. దాన్ని తొందరపెట్టకు, కాస్త కొట్టు, కాస్త తిప్పు, మళ్ళీ కొలిమిలో పెట్టు. ఎరుపు తగ్గాక కొట్టకు. అతుకు కొలిమిలో వెయ్యడం మొదటిసారి ఎవరికీ రాదు, రెండు కొసలూ ఏటవాలుగా కొట్టి, వెలిగారం చల్లి, ఇనుము దాదాపు తెల్లబడ్డాక కొట్టాలి. రాకపోతే సిగ్గుపడకుండా వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళు. మెత్తటి ఇనుముకి అది చాలు. కమాన్ పట్టీకి మాత్రం కరెంటు వెల్డింగ్ చేయించి పదును పోశావంటే, అంటే ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచావంటే, అతుకు పక్కనే చీలుతుంది.

ఇప్పుడు రాత్రి నన్ను పడుకోనివ్వని సంగతి.

మీ తాతయ్యకి ఎడమ కన్ను నిప్పురవ్వ పడి పోయిందని మీ అమ్మ నీకు చెప్పి ఉంటుంది, అందరికీ అలాగే చెప్పేవాళ్ళం. నిజం అది కాదు. హార్బర్‌లో చేపలు కోసే కత్తికి పదును పోశాడు. నూనెలోంచి తీస్తే అది అరటికాయలా వంగి వచ్చింది. పల్చటిది నూనెలో పడితే వంగుతుంది, నీ చక్రమూ వంగుతుంది, చూస్తావు. కొన్నవాడు గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తూ "అయిందా మావా" అని అడుగుతూనే ఉన్నాడు. తాతయ్య ఆ కత్తిని మళ్ళీ కాస్త వేడి చేసి మెత్తబరచాలి. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు, మాకు నేర్పిందే ఆయన. పదును పోసిన ఇనుము ఇంకా గాజే, వెచ్చచేసేదాకా దానికి దెబ్బ తగలకూడదు అని రోజూ తిట్టేవాడు. ఆ రోజు మాత్రం చల్లగా ఉన్న కత్తిని దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో తట్టాడు. గట్టిగా కూడా కాదు. రెండు తట్లకి ఏమీ కాలేదు, మూడోదానికి టింగుమని సన్నగా మోగింది. నేను ఎదురుగా తిత్తి దగ్గర ఉన్నాను. కత్తి రెండు ముక్కలై కనిపించింది, మూడో ముక్క ఎటు పోయిందా అని నేను నేల మీద వెతుకుతున్నాను. ఆయన అరవలేదు. అరచేయి కంటి మీద పెట్టుకుని "గాలి ఆపు, బొగ్గు వృథా" అన్నాడు. పెద్దాసుపత్రికి రిక్షాలో తీసుకెళ్ళాం, నానమ్మ దారంతా ఆయన్ని తిడుతూనే ఉంది, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. తర్వాత కూడా ఆయన పని మానలేదు. కానీ ఒంటికంటితో దూరం అందక సుత్తి దెబ్బ అప్పుడప్పుడు దాగలి అంచుకి తగిలేది, ఆ చప్పుడు వినపడితే నానమ్మ లోపల పనులు ఆపేసేది. నిప్పురవ్వ అని చెప్పమన్నదీ ఆవిడే. అంత పనివాడు మొదటి పాఠం తప్పాడని బయటవాళ్ళకి తెలియడం ఆవిడకి ఇష్టం లేదు.

కాబట్టి విను, కమాన్ పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఇలా చెయ్యి. అయస్కాంతం అంటుకోవడం మానేసే దాకా కాల్చు, అది 770 డిగ్రీలు, ఆ పైన ఇంకొంచెం, చుట్టూ ఒకే రంగు రావాలి. మూత ఉన్న ఇనప తొట్టిలో వంటనూనె, గోరువెచ్చ కన్నా కాస్త ఎక్కువ వేడితో. వాడేసిన ఇంజినాయిల్ వద్దు, దాని పొగ మంచిది కాదు. చక్రాన్ని నిలువుగా దించు. మంట లేస్తే మూత వెయ్యి, నీళ్ళు పొయ్యకు, ప్లాస్టిక్ బకెట్ అయితే ఆ దరిదాపుల్లో కూడా ఉండకూడదు. బయటికి తీశాక అది ఎంత వంకరగా ఉన్నా తట్టకు, బల్ల మీద పడెయ్యకు, "ఒక్కసారి విసిరి చూద్దాం" అనకు. ఆ గంటలోనే మీ అమ్మ కేకులు చేసే ఓవెన్‌లో పెట్టు. అది 250 దాకా వెళ్తుంది కదా, రెండు గంటలు ఉంచి, చల్లారాక ఇంకో రెండు గంటలు. ముందు ఒక పక్క రుద్ది తెల్లగా మెరిపించి పెట్టుకుంటే గడ్డి రంగు దాటి గోధుమ రంగుకి రావడం కనిపిస్తుంది. వంకర తీయాలంటే అప్పుడు, వేడిగా ఉండగా, రెండు పలకల మధ్య బిగించి తీయి. కేకు వాసన పోతుందని మీ అమ్మ గోల పెడుతుంది, కొత్త ఓవెన్ నేను కొనిపెడతానని చెప్పు.

మన ఊరి గాలికి నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది, పని అయ్యాక నూనె రాసి గుడ్డలో చుట్టు. విసరడం బీచ్‌లో వద్దు, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

కళ్ళద్దాలు కొన్నాను, పక్కలు కూడా మూసి ఉండేవి, రెండు జతలు. ఆదివారం పొద్దున్నే ఐదింటికి మల్కాపురం నుంచి బయల్దేరతాను, తాతయ్య పటకారు కూడా తెస్తున్నా, దాని మొన కాస్త అరిగింది కానీ పట్టు బాగుంటుంది. నేను వచ్చేదాకా బొగ్గు అంటించకు. మీ నాన్నని పెరట్లో రెండు బకెట్లు ఇసుక పోసి ఉంచమను, ఇనప బకెట్లే.

మీ పెదనాన్న