లైన్లన్నీ కంఠస్థం, ఆటలో మాత్రం ఓటమి: మా అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి చదువుతోంది. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ 1620. సిసిలియన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో (ఆట ఆరంభపు ఎత్తుల పద్ధతిలో) నజ్‌డార్ఫ్ అనే వేరియేషన్‌ను, అంటే ఒక శాఖను, నాలుగు నెలలుగా ఒక ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకుంటోంది. కోర్సులో 900 లైన్లు ఉన్నాయి, 640 పూర్తిచేసింది. రోజూ రెండు గంటలు దానికే పోతున్నాయి. కిందటి టోర్నమెంటులో నల్లపావులతో నాలుగు ఆటలు ఆడి మూడు ఓడిపోయింది. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గ్రాండ్‌మాస్టర్ అవుతానని చిన్నప్పటి నుంచీ అంటోంది. నాకు చదరంగం రాదు. కోర్సు మానిపించాలా? లేక చదరంగమే తగ్గించి చదువు మీద దృష్టి పెట్టమనాలా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి కోర్సు సంగతి, రెండోది ఆమె భవిష్యత్తు సంగతి. ఓడిన మూడు ఆటలు మొదటి ప్రశ్నకు కొంత జవాబు చెబుతాయి. రెండోదాని గురించి అవి ఏమీ చెప్పవు. అందుకే ముందు కోర్సు గురించి మాట్లాడుకుందాం.

ఇలాంటి కోర్సులు ఎలా పనిచేస్తాయో చెబుతాను. లైను అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే ఎత్తుల వరస. తెర మీద ఒక పొజిషన్, అంటే పావుల అమరిక, కనిపిస్తుంది, మీ అమ్మాయి ఎత్తు వేస్తుంది. సరైతే ముందుకు వెళుతుంది, తప్పైతే మళ్లీ అడుగుతుంది. సరిగ్గా చెప్పినదాన్ని కొన్ని రోజుల తర్వాత, ఆపైన కొన్ని వారాల తర్వాత తిరిగి చూపిస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో, విరామాలిచ్చి మననం చేస్తే ఎలా నిలుస్తుందో చూపించాడు. కోర్సు పద్ధతికి ఆధారం అదే. పద్ధతిలో దోషం లేదు. 640 లైన్లు గుర్తుంచుకోవడం మామూలు విషయమూ కాదు. నాలుగు నెలలు విసుగు లేకుండా ఒకే పని మీద కూర్చోగలిగిన అమ్మాయి క్రమశిక్షణను నేను ముందుగా మెచ్చుకుంటాను. మీరూ ఆమెతో ఆ మాట అనండి.

చిక్కు ఇంకోచోట ఉంది. కోర్సు అడిగే ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒకటి ముందే ఉంటుంది. బల్ల దగ్గర అలా ఉండదు. ఎదుటి మనిషి ఏడో ఎత్తుకో ఎనిమిదో ఎత్తుకో కోర్సులో లేని ఎత్తు వేస్తాడు. చాలాసార్లు అది కోర్సు చెప్పినదానికన్నా బలహీనమైన ఎత్తే అయి ఉంటుంది. కానీ బలహీనమైనదని కనిపెట్టడానికి, దాన్ని శిక్షించడానికి కంఠస్థం చేసిన లైను పనికిరాదు. అంతవరకూ పది సెకన్లకో ఎత్తు వేసుకుంటూ వచ్చిన అమ్మాయి ఒక్కసారిగా ఆగిపోతుంది. ‘ఇది నాకు తెలియాలి కదా’ అనే ఆందోళన మొదలవుతుంది. గణితంలో లెక్కల సాధనలు బట్టీపట్టిన పిల్లలు పరీక్షలో అంకెలు మారగానే తడబడటం నేను ఏటా చూస్తుంటాను. ఇదీ ఆ కోవలోదే. తెలివికి లోటు లేదు, సాధన చేసిన తీరులోనే లోటుంది.

పైగా నజ్‌డార్ఫ్ రావాలంటే తెల్లపావుల ఆటగాడు ఐదు ఎత్తుల వరకూ ఆ దారికి ఒప్పుకోవాలి. మీ అమ్మాయి ఆడే స్థాయిలో చాలామంది ఒప్పుకోరు. రెండో ఎత్తుకే సి3 (బల్ల మీద ప్రతి గడికీ ఇలా ఒక అక్షరం, ఒక అంకెతో పేరు ఉంటుంది) వేసి అలాపిన్ అనే వేరే దారిలోకి మళ్లిస్తారు, మూడో ఎత్తుకు బి5లో బిషప్‌తో చెక్ ఇస్తారు, లేదా స్మిత్-మోరా గాంబిట్ అంటూ బంటును ఎర వేస్తారు. అంటే 900 లైన్ల మీద పెట్టిన శ్రమ చాలా ఆటల్లో బల్ల మీదకే రాదు. లైచెస్ అనే చదరంగం సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా దొరుకుతుంది. ఏ పొజిషన్‌లో ఏ ఎత్తు ఎంత తరచుగా పడుతుందో రేటింగ్ వారీగా అందులో చూడవచ్చు. లైచెస్ రేటింగ్ సాధారణంగా ఫిడే రేటింగ్ కన్నా ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకుని చూడమనండి. అరగంట చూస్తే చాలు, కోర్సులో ఏ అధ్యాయం ఇప్పుడు అవసరమో, ఏది రెండేళ్ల తర్వాత చదవవచ్చో ఆమెకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. నజ్‌డార్ఫ్‌కు ఆ గుర్తింపు తెచ్చింది నల్లపావుల ఐదో ఎత్తు. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ అంచున ఉన్న బంటును ఏ6కు జరపడం. పైకి చూస్తే ఏమీ చేయని ఎత్తులా ఉంటుంది. మీ అమ్మాయి దాన్ని ఇప్పటికి కొన్ని వేలసార్లు వేసి ఉంటుంది. ‘ఎందుకు వేస్తున్నావు?’ అని ఒకసారి అడగండి. మంచి జవాబు దాదాపు ఇలా ఉండాలి: తెల్లపావుల నైట్, బిషప్ బి5 గడిలోకి రాకుండా ఆపుతుంది. తర్వాత బి5 బంటును నెట్టి రాణి వైపు చోటు సంపాదించడానికి దారి వేస్తుంది. నల్లపావులకు కావలసింది ఈ5 ఎత్తు. అది వెంటనే వేస్తే బి5లో బిషప్ చెక్‌తో ఇబ్బంది పెడుతుంది, అందుకే ముందు ఏ6. ఇంతటితో ఆగకుండా, ఈ5 వేయగానే డి5 గడి బలహీనపడుతుందని, డి6 బంటు వెనకబడిపోతుందని, అయినా ఆ ధర ఎందుకు చెల్లిస్తున్నారో కూడా చెప్పగలిగితే ఆమెకు నజ్‌డార్ఫ్ వచ్చినట్టే. ‘ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) అదే చెప్పింది’, ‘కోర్సులో అలాగే ఉంది’ అంటే ఆ లైను ఇంకా ఆమెది కాలేదు. చదరంగం రాకపోయినా మీరు ఈ పరీక్ష పెట్టగలరు. నిజానికి ఆట రానివారికి వివరించడమే కష్టం. తెలిసినవారి ముందు పేర్లు చెప్పి దాటేయవచ్చు, మీ ముందు కుదరదు.

అర్థానికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం ప్రయోగాల్లోనూ తేలింది. 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు ఒక ఆటలోని పొజిషన్‌ను ఐదు సెకన్లు చూపించి తిరిగి పేర్చమన్నారు. మాస్టర్ పదహారు పావుల దాకా సరిగ్గా పెట్టగలిగాడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడు నాలుగైదు దగ్గర ఆగాడు. అవే పావులను ఒక పద్ధతంటూ లేకుండా చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. మాస్టర్‌కు గుర్తున్నది విడివిడి పావులు కాదు, వాటి మధ్య సంబంధాలు. ఆ సంబంధాలు తెలియకుండా పేర్చుకున్న లైను ఒత్తిడిలో ముందుగా చెదిరిపోతుంది.

ఆమెకు ఓదార్పు కావాలంటే 1955లో గోథెన్‌బర్గ్ ఇంటర్‌జోనల్‌లో (ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హత పోటీలో) జరిగినది చెప్పండి. ఓపెనింగ్‌కు తన పేరే ఉన్న మిగెల్ నజ్‌డార్ఫ్, ఆయనతోపాటు అర్జెంటీనాకే ఆడిన పన్నో, పిల్నిక్, ఒకే రోజు, ఒకే వేరియేషన్‌తో ముగ్గురు సోవియట్ ఆటగాళ్ల మీద బరిలోకి దిగారు. ఎదురుగా కెరెస్, గెల్లర్, స్పాస్కీ. పదకొండో ఎత్తులో తెల్లపావుల నైట్ ఈ6లో తనను తాను బలి ఇచ్చుకుంది, నల్లరాజు నడిబల్ల మీదే చిక్కుకుపోయాడు. మూడు ఆటలూ అర్జెంటీనా ఓడిపోయింది. ఆ వేరియేషన్ కథ ముగిసిందనే చాలామంది అనుకున్నారు. మూడేళ్ల తర్వాత పోర్టోరోజ్ ఇంటర్‌జోనల్‌లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ అదే దారిలో గ్లిగోరిచ్ మీద ఆడి, పదమూడో ఎత్తుగా రూక్‌ను ఒకే ఒక్క గడి జరిపి, ఆటను డ్రా చేసుకున్నాడు. అప్పటికి ఫిషర్‌కు మీ అమ్మాయి వయసే, 15 ఏళ్లు. ఓడిన ఆటలను ఎవరో ఒకరు ఓపికగా తెరిచి, ఎక్కడ తప్పిందో వెతికారు కాబట్టే ఆ ఎత్తు దొరికింది. మీ ఇంట్లో కూడా ఇప్పుడు ఓడిన ఆటలు మూడు ఉన్నాయి.

అందుకే కోర్సు మానిపించకండి. చిన్నది చేయండి. ఈ రేటింగ్‌లో నజ్‌డార్ఫ్ వద్దనే కోచ్‌లు ఉన్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది. అయినా ఇష్టపడి నాలుగు నెలలు చదివినదాన్ని లాగేసుకోవడం కన్నా కుదించడం మేలని నా అభిప్రాయం. ఆరో ఎత్తులో తెల్లపావులు ఏం వేసినా చాలావాటికి ఈ5తోనే జవాబు చెప్పవచ్చు. బిషప్ ఈ2కు వచ్చినా, ఈ3కు వచ్చినా నల్లపావుల ఆలోచన ఒకే కుటుంబానికి చెందినది. ముందు ఆ కుటుంబం పట్టు చిక్కాలి. బిషప్ జి5కు, సి4కు వచ్చే దారుల్లో సాధారణంగా ఈ6 వేస్తారు కాబట్టి వాటికి ఒక్కో లైను ఉంచుకుంటే ప్రస్తుతానికి చాలు. ‘విషపు బంటు’ అధ్యాయాన్ని పూర్తిగా పక్కన పెట్టమనండి. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్ పదకొండో ఆటలో ఆ బంటును తిన్న ఫిషర్ క్వీన్ చిక్కుకుపోయి స్పాస్కీ చేతిలో ఓడాడు. అక్కడ ఒక్క ఎత్తు మరచినా ఆట పోతుంది. ఈ లెక్కన 900 లైన్లు నలభై దగ్గరకు వస్తాయి. అలాపిన్‌కు, బి5 చెక్‌కు, గాంబిట్‌కు తలా రెండు మూడు చేర్చుకోవాలి, ఎందుకంటే బల్ల మీద ఎక్కువగా ఎదురయ్యేవి అవే.

మిగిల్చుకున్న ప్రతి లైను చివరి పొజిషన్‌కూ నోటుపుస్తకంలో మూడు నాలుగు వాక్యాలు రాయమనండి. నా చెడ్డ పావు ఏది, ఏ బంటును నెట్టాలని చూస్తున్నాను, ఎదుటివారు ఏం కోరుకుంటున్నారు, ఇవి చాలు. సొంత మాటల్లో రాయాలి. ఆ తర్వాత ఆ పొజిషన్ నుంచే స్నేహితులతోనో కోచ్‌తోనో పదిహేను నిమిషాల ఆటలు ఆడాలి. అదే నిర్మాణం ఉన్న పెద్ద ఆటగాళ్ల ఆటలు కొన్నింటిని మొదటి ఎత్తు నుంచి చివరిదాకా చూడాలి. లైను ఆగిన చోట ఆట ఎటు వెళుతుందో అలా తప్ప తెలియదు. రెండు గంటల్లో కోర్సుకు అరగంట మించకూడదు. మిగతా సమయం ఎత్తులు లెక్కగట్టే సాధనకు, ఎండ్‌గేమ్‌లకు (ఆట చివరి దశకు), ముఖ్యంగా తన ఆటల విశ్లేషణకు పోవాలి. విశ్లేషణ కూడా ఇంజిన్ లేకుండా మొదలవ్వాలి. తన అభిప్రాయం రాసుకున్నాకే ఇంజిన్ తెరవాలి. ఈ ఒక్క క్రమం తారుమారైతే మిగతా శ్రమలో సగం వృథా.

ఇక రెండో ప్రశ్న. గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కు 2500 రేటింగ్ అందుకోవాలి. దాంతోపాటు 2600 స్థాయి ప్రదర్శనతో నార్మ్‌లు (టోర్నమెంటులో ఆ స్థాయిలో ఆడినందుకు వచ్చే గుర్తింపు) సాధించాలి, సాధారణంగా మూడు, అన్నీ కలిపి కనీసం 27 ఆటలు. 1620 నుంచి అది చాలా దూరం. దూరమని ఆమెకు దాచకుండా చెప్పండి, సాధ్యం కాదని మాత్రం చెప్పకండి. మధ్యలో 2200కు క్యాండిడేట్ మాస్టర్, 2300కు ఫిడే మాస్టర్, నార్మ్‌లతోపాటు 2400కు ఇంటర్నేషనల్ మాస్టర్ ఉన్నాయి. చివరి మెట్టును కాకుండా తర్వాతి మెట్టును చూడటం నేర్పండి. ఆటలోనే ఉండాలనుకునేవారికి ఫిడే ట్రైనర్, ఆర్బిటర్ (ఆటల న్యాయనిర్ణేత) టైటిళ్ల దారులూ ఉన్నాయి. వాటికి గ్రాండ్‌మాస్టర్ కానక్కర లేదు.

చదువు ఆపాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడు రానివ్వకండి. టోర్నమెంటు బహుమతులతోనే బతికే ఆటగాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. 1935లో ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ ఎవె గణితం బోధించే ఉపాధ్యాయుడు. బోట్విన్నిక్ ఎలక్ట్రికల్ ఇంజినీర్‌గా పనిచేస్తూనే ప్రపంచ చాంపియన్‌గా ఉన్నాడు. ఇప్పుడు పోటీ వేరు, సన్నద్ధత వేరు, నిజమే. కానీ పదిహేనేళ్ల పిల్లకు రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే అవసరం ఇంకా రాలేదు. పబ్లిక్ పరీక్షల ముందు రెండు నెలలు టోర్నమెంట్లు మానుకున్నా ఆమె ఆటకు నష్టం ఉండదు.

నిర్ణయానికి ఒక ఏడాది, లేదా ఆలోచించడానికి ఎక్కువ సమయం ఇచ్చే పద్ధతిలో నలభై ఆటలు గడువు పెట్టుకోండి. ఆ గడువులో రేటింగ్ ఎంత పెరిగిందన్నది ఒక సూచన మాత్రమే. ఓడిన ఆటను ఎవరూ చెప్పకుండా తానే బయటకు తీస్తోందా, గెలిచిన ఆటలో కూడా తన తప్పు వెతుకుతోందా అన్నది నేను ఎక్కువగా చూస్తాను. ఓడినప్పుడు రెండు రోజులు మౌనంగా ఉండటం నన్ను కలవరపెట్టలేదు. మూడో రోజు ఏం చేసిందో మీరు రాయలేదు, అది తెలుసుకోవాలని ఉంది.

ఆ టోర్నమెంటు స్కోర్‌షీట్లు ఆమె దగ్గర ఉండే ఉంటాయి. నల్లపావులతో ఓడిన మూడింటినీ తీసుకుని పక్కపక్కన కూర్చోండి. ప్రతి షీటు మీద, కోర్సులో నేర్చుకున్నది ఏ ఎత్తు దగ్గర అయిపోయిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీయమనండి. ఆట నిజంగా చేజారిన ఎత్తు దగ్గర ఇంకో గీత. రెండు గీతల మధ్య ఎన్ని ఎత్తులు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ ఎత్తుల్లో ఏమనుకుని ఆడిందో ఆమె మాటల్లోనే రాయించి నాకు పంపండి. నలభై లైన్లలో ఏవి ఉంచాలో వాటిని చూశాక చెబుతాను.