బోల్టు మెరుస్తోంది, ఫ్రేమ్ తుప్పు పట్టింది

ప్రశ్న: రొయ్యల గుంటలో ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) జీఐ ఫ్రేమ్‌కి, అంటే జింకు పూత వేసిన ఇనుప ఫ్రేమ్‌కి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించాం. బోల్టులు కొత్తగానే ఉన్నాయి, వాటి చుట్టూ ఫ్రేమ్ మాత్రం తినేసింది. నాసిరకం జీఐనా?
– ఒక రైతు, విడవలూరు

జవాబు: జీఐని అనుమానించక్కర్లేదు. ఉప్పునీళ్లలో రెండు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకితే అది బ్యాటరీ సెల్లే. చర్యాశీలత ఎక్కువున్న జింకు ముందు కరుగుతుంది, అది అయిపోయాక ఇనుము వంతు. స్టీలు బోల్టుకు క్రోమియం ఆక్సైడ్ పొర కాపలా, పైగా పక్కలోహం దాని బదులు కరుగుతోంది.

తేలిక దారి, జీఐ బోల్టులే వేయడం. స్టీలే కావాలంటే తలకింద, నట్టుకింద నైలాన్ వాషర్లు, బోల్టు ఒంటికి ప్లాస్టిక్ స్లీవ్ పెట్టండి. చాలామంది స్లీవ్ వదిలేస్తారు. బోల్టు రంధ్రం అంచుకు తగిలిందా, వాషర్ దండగే. ఆరిన ఫ్రేమ్‌పై మల్టీమీటర్ కంటిన్యుటీలో (కరెంటు దారి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి ఒక కొన బోల్టుకీ, ఇంకోటి ఫ్రేమ్‌కీ తాకించండి, బీప్ రాకూడదు.

రంగు ఫ్రేమ్‌కి ఒక్కదానికే వేయొద్దు. గీత పడిన చోటే దాడంతా చేరి బొక్క పడుతుంది. బోల్టు తలకీ వేయండి. వెల్డింగ్ దగ్గర జింకు కాలిపోతుంది కనుక వైరుబ్రష్‌తో రుద్ది జింకు పెయింటు పూయాలి.

ఇక స్టీలు బోల్టులు కొంటే 316 రకం కొనండి. అందులోని 2–3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉప్పు వల్ల స్టీలుపై పడే గుంతల్ని అడ్డుకుంటుంది, మామూలు 304 రకంలో అది ఉండదు. అయస్కాంతంతో ఈ తేడా తేలదు, కొట్టువాళ్లు ఎంత పెట్టి చూపించినా.