గ్రూపులో “ఇంట్రెస్ట్ ఉంటే హాయ్ పెట్టండి” అన్నందుకు కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. నేను ఇంట్లోనే ఉంటాను, పిల్లలు చిన్నవాళ్లు. ఆరు నెలల క్రితం హెల్త్ ప్రొడక్ట్స్ అమ్మే ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో చేరాను. మా అప్‌లైన్ మేడమ్, అంటే కంపెనీలో నా పైన ఉన్నావిడ, ఒక మెసేజ్ రాసిచ్చారు, “హాయ్ డియర్, ఇంట్లో కూర్చుని సంపాదించే వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశం, ఇంట్రెస్ట్ ఉంటే హాయ్ పెట్టండి” అని. కంపెనీ పేరు ముందే చెప్పొద్దన్నారు, చెప్తే ఎవరూ రారంట. అది నేనున్న మూడు గ్రూపుల్లో పెట్టాను, ఒక గ్రూపులో నంబర్లు తీసుకుని ఓ అరవై మందికి పర్సనల్‌గా కూడా పెట్టాను. అందరికీ గారు, ప్లీజ్, సారీ ఫర్ డిస్టర్బెన్స్ అనే రాశానండి, ఎవరితోనూ దురుసుగా మాట్లాడలేదు. అయినా ఒక అడ్మిన్ నన్ను తీసేశారు, ఒకావిడ సైబర్ క్రైమ్‌లో కంప్లయింట్ ఇస్తానన్నారు. ఒకమ్మాయి మాత్రం 8,000 కట్టి చేరింది, ఇప్పుడు డబ్బు వెనక్కి ఇమ్మంటోంది. నేను చేసింది నేరమా? మర్యాదగా, చట్టం ప్రకారం ఎలా చేసుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మర్యాద అన్న మాట చాలా ఉంది గానీ అసలు విషయం మీరు మధ్యలో ఒక్క లైనులో చెప్పేసి వెళ్లిపోయారు, కంపెనీ పేరు ముందే చెప్పొద్దన్నారు అని. నాకు అక్కడే ఆగిపోవాలనిపించింది. గారు, ప్లీజ్ లాంటివి చట్టం లెక్కపెట్టదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎందుకు మాట్లాడుతున్నారు, వచ్చే డబ్బు దేని మీద వస్తోంది, ఈ మూడూ అడుగుతుంది. మీ అప్‌లైన్ రాసిచ్చిన మెసేజ్‌లో ఈ మూడింటికీ జవాబు లేదు, పైగా లేకుండా జాగ్రత్తపడ్డారు.

ముందు మీ భయం సంగతి చూద్దాం. అడగకుండా ఒకరికి మెసేజ్ పెట్టినంత మాత్రాన అది నేరం కాదు. చిరాకు తెప్పించే మెసేజ్‌లకి శిక్ష వేసే సెక్షన్ ఒకటి ఐటీ చట్టంలో ఉండేది, 66ఏ అని, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. ఇప్పటికీ కొంతమంది ఆ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తుంటారు, అది పోయి ఏళ్లయింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లవి 2018 నాటి రెగ్యులేషన్స్ ఉన్నాయి, డీఎన్‌డీ, 1909 నంబర్ అంటారే అవి, కానీ అవి ఫోన్ కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి, వాట్సాప్‌కి కాదు. కాబట్టి ఆవిడ కంప్లయింట్ ఇచ్చినా “నాకు అడగని మెసేజ్ వచ్చింది” అన్న ఒక్క మాట మీద కేసు నిలబడడం కష్టం.

అడ్మిన్ మిమ్మల్ని తీసేయడం గురించి కూడా అడిగినట్టే ఉంది మీ బాధ చూస్తే. అది ఆయన ఇష్టం అమ్మా. ప్రైవేట్ గ్రూపులో ఉండే హక్కు అని ఏమీ లేదు, ఒకరి ఇంటి అరుగు మీద కూర్చుని మన సరుకు అమ్ముకుంటే ఇంటాయన లేచి వెళ్లమన్నట్టే. సభ్యులు పెట్టే పోస్టులకి అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి, అయినా అడ్మిన్‌లకి భయం పోలేదు, అనుమానం రాగానే తీసేస్తున్నారు. వాళ్లని తప్పు పట్టలేం. వాట్సాప్ సొంత రూల్స్‌లో కూడా బల్క్ మెసేజింగ్ నిషేధం, ఒకే మెసేజ్ అరవై మందికి వెళ్లి వాళ్లలో కొందరు రిపోర్ట్ కొడితే మీ నంబరే పోతుంది, పిల్లల స్కూల్ గ్రూపుతో సహా.

ఇక అసలు సంగతి. 1978లో ఒక చట్టం వచ్చింది, ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ నిషేధ చట్టం. అందులో సెక్షన్ 2(సి) మనీ సర్క్యులేషన్ స్కీమ్ అంటే ఏంటో చెప్తుంది, పేరు ఏదైనా పెట్టుకోండి, మనుషుల్ని చేర్చడం మీద ఆధారపడి తొందరగా, తేలిగ్గా డబ్బు వస్తుందని చెప్పే స్కీమ్ ఏదైనా దాని కిందకే వస్తుంది. ఈ నిర్వచనాన్ని ఎలా చదవాలో సుప్రీంకోర్టు 1982లోనే వివరించింది, ఊరికే తేలిగ్గా డబ్బొస్తుందంటే సరిపోదు, ఆ డబ్బు రావడం సభ్యుల్ని చేర్చడంతో ముడిపడి ఉండాలి అని. సెక్షన్ 3 చూస్తే చాలామందికి గుండె జారుతుంది, ఎందుకంటే స్కీమ్ నడిపేవాళ్లనే కాదు, అందులో సభ్యులుగా చేరేవాళ్లని కూడా అది వదల్లేదు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ, ప్రత్యేక కారణాలు లేకపోతే ఏడాదికి తగ్గకూడదు. జరిమానా చూసి నవ్వుకోకండి, అది 1978 నాటి రూపాయి, జైలు మాత్రం ఇప్పటిదే. అలాంటి స్కీమ్‌కి ప్రకటనలు వేసినా పంచిపెట్టినా సెక్షన్ 5 కింద ఇంకో నేరం, రెండేళ్ల వరకు. చట్టం రాసేనాటికి వాట్సాప్ లేదు గానీ, ఫార్వర్డ్ కొట్టడం పంచిపెట్టడం కాదని నేనైతే కోర్టులో ధైర్యంగా వాదించలేను.

“మాది ప్రొడక్ట్ ఉన్న కంపెనీ అండీ, స్కీమ్ కాదు” అంటారు మీరు, మీ మేడమ్ కూడా అదే అంటారు. 2007లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు ఒక పెద్ద డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ కూడా సరిగ్గా అదే అంది. ప్రొడక్ట్ ఉన్నా సరే, కింద మనుషుల్ని చేరుస్తూ పోతే పైవాళ్లకి కమిషన్ పెరిగే ఏర్పాటు ఈ 1978 చట్టం కిందకే వస్తుందని హైకోర్టు తేల్చింది. మన దగ్గర పోలీసులు ఇలాంటి కంపెనీలంటే ఎందుకు చిటపటలాడతారో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

తర్వాత కాలం కొంచెం మారింది లెండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డైరెక్ట్ సెల్లింగ్‌ని ఒక వ్యాపారంగా గుర్తించింది, దాని కింద 2021 డిసెంబర్ 28న డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ వచ్చాయి. ఈ రూల్స్ ఒక చేత్తో వ్యాపారం చేసుకోమంటాయి, ఇంకో చేత్తో పిరమిడ్ స్కీమ్‌ని (కింద మనుషుల్ని చేర్చినందుకు పైవాళ్లకి లాభం వచ్చే గొలుసు), మనీ సర్క్యులేషన్‌ని, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో మనుషుల్ని వాటిలో చేర్చడాన్ని నిషేధిస్తాయి. సరుకు బయట వాడేవాళ్లకి అమ్ముడై దాని మీద కమిషన్ వస్తే అది వ్యాపారం. చేరినవాళ్లు కట్టిన డబ్బు మీద కమిషన్ వస్తే అది మీరు నాతో మాట్లాడాల్సిన విషయం. మీ ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసి ఒకసారి చూసుకోండి, వచ్చిన దాంట్లో ఎంత సరుకు అమ్మితే వచ్చింది, ఎంత ఆ అమ్మాయి చేరినందుకు వచ్చింది. ఆ లెక్క మీకు తెలిస్తే నా సలహా సగం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ మెసేజ్ దగ్గరికి వద్దాం. ఈ రూల్స్‌లో మీలాంటి డైరెక్ట్ సెల్లర్ ఏం చేయాలో రాసి ఉంది. కంపెనీతో ముందే రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలి. మాట మొదలుపెట్టగానే, ఎదుటివాళ్లు అడక్కుండానే, తను ఎవరు, ఏ కంపెనీ తరఫున, దాని అడ్రస్ ఏంటి, ఏం అమ్ముతున్నారు, ఎందుకు పలకరిస్తున్నారు అన్నీ నిజంగా, స్పష్టంగా చెప్పాలి. అడక్కుండానే అన్న మాట గుర్తుపెట్టుకోండి. అంటే “హాయ్ పెట్టండి, డీటెయిల్స్ తర్వాత చెప్తా” అన్న పద్ధతి ఈ రూల్‌కి సరిగ్గా ఎదురు. ఎంత తియ్యగా రాసినా అంతే. ఇంకో విషయం, కంపెనీ ఆమోదించని మెటీరియల్ ఇవ్వకూడదు, కంపెనీ చెప్పని గొప్పలు చెప్పకూడదు. మీ మేడమ్ సొంతంగా రాసిచ్చిన ఆ మెసేజ్‌కి కంపెనీ ఆమోదం ఉందా? ఉండదని నా అనుమానం, రేపు గొడవొస్తే కంపెనీ “మాకు తెలీదు, ఆవిడ సొంతంగా పెట్టుకుంది” అంటుంది, మేడమ్ ఫోన్ ఎత్తరు, మిగిలేది మీ నంబర్ నుంచి వెళ్లిన స్క్రీన్‌షాట్.

వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న మాట ఇంకా ప్రమాదం. ఆ మాట వినగానే ఎవరికైనా నెలకి జీతం వచ్చే పని అనిపిస్తుంది. అలా నమ్మించి డబ్బు కట్టించుకున్నారని ఎవరైనా అంటే అది మోసం సెక్షన్ దాకా వెళ్తుంది, పాత ఐపీసీ 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318(4), ఏడేళ్ల వరకు శిక్ష. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, మొదటి నుంచి మోసం చేసే ఉద్దేశం ఉందని అవతలివాళ్లు రుజువు చేయాలి కూడా, కానీ స్టేషన్ చుట్టూ తిరగడానికి రుజువు దాకా అక్కర్లేదు కదా.

హెల్త్ ప్రొడక్ట్స్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. షుగర్ తగ్గిపోతుంది, బరువు తగ్గుతారు, క్యాన్సర్ రాదు, ఇలాంటివి ఎక్కడా రాయకండి, “మా అత్తయ్య గారికి తగ్గింది” అని కూడా రాయకండి. ఇలాంటి జబ్బులకి మందంటూ ప్రకటనలు ఇవ్వడం మీద 1954 నుంచే చట్టం ఉంది, మొదటిసారి దొరికితేనే ఆరు నెలల వరకు జైలు. అలాగే “నేను వాడాను, సూపర్” అని పోస్ట్ పెట్టి మీకు అందులో కమిషన్ ఉందని దాచడం కూడా తప్పే, కంపెనీతో ఉన్న సంబంధం బయటపెట్టాలని 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటన అని తేలితే ఎండార్స్ చేసినవాళ్లకి కూడా 10 లక్షల వరకు పెనాల్టీ వేసే అధికారం సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీకి ఉంది. ఇంట్లో కూర్చుని పోస్ట్ పెట్టే గృహిణి మీద అంత వేస్తారా అంటే, వేస్తారని నేను అనను, అలాగని వేయలేరనీ అనలేను.

ఇక గ్రూపులోంచి నంబర్లు తీసుకోవడం. వాళ్లు ఆ గ్రూపులో చేరింది పిల్లల గురించో, కుట్టుపని గురించో మాట్లాడుకోడానికి, మీ కస్టమర్ లిస్టులో ఉండడానికి కాదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం, 2025 నవంబర్‌లో వచ్చిన దాని రూల్స్ దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, వాటి మూలసూత్రం ఇదే, ఒక పనికి ఇచ్చిన నంబర్ ఇంకో పనికి వాడాలంటే మనిషి ఒప్పుకోవాలి. సొంత, ఇంటి అవసరాలకి వాడుకుంటే ఈ చట్టం పట్టదు గానీ వ్యాపారం ఇంటి అవసరం కాదు. ఆ అరవై మంది లిస్ట్ ఎక్కడైనా సేవ్ చేసి ఉంటే తీసేయండి, మీ అప్‌లైన్‌కి పంపి ఉంటే ఆవిడని కూడా తీసేయమని మెసేజ్ పెట్టి, ఆ మెసేజ్ మాత్రం ఉంచుకోండి.

మరి ఎలా పెట్టాలి అంటారా. ముందు అడ్మిన్‌కి విడిగా మెసేజ్ పెట్టి ఇలాంటి పోస్ట్ పెట్టొచ్చా అని అడగండి, వద్దంటే అక్కడితో వదిలేయండి, రెండోసారి అడగొద్దు. సరే అంటే నేనైతే ఇలా రాయమంటాను: “అడ్మిన్ గారి పర్మిషన్‌తో పెడుతున్నా. నేను ఫలానా కంపెనీకి డైరెక్ట్ సెల్లర్‌ని, కంపెనీ ఆఫీస్ ఫలానా చోట. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు, అమ్మితే కమిషన్, అమ్మకపోతే ఏమీ రాదు. చేరడానికి ఫీజు లేదు. మీరు చేరితే మీ అమ్మకాల మీద నాకూ కొంత వస్తుంది, ముందే చెప్తున్నా. వివరాలు కావాలంటే మీరే నాకు మెసేజ్ పెట్టండి, నేనుగా ఎవరికీ పెట్టను.” ఒక్కసారి పెట్టి ఊరుకోండి. చేరడానికి ఫీజు లేదు అన్న మాట మీ కంపెనీ విషయంలో నిజం కాకపోతే ఆ లైను తీసేయడం కాదు, మీరే బయటికి రావడం గురించి ఆలోచించండి. ఇలా రాస్తే ఎవరూ రారు అంటారు మీ మేడమ్. తక్కువ మందే వస్తారు, నిజమే, కానీ వచ్చినవాళ్లు తర్వాత 8,000 వెనక్కి ఇమ్మని మీ ఇంటికి రారు.

ఆ అమ్మాయి విషయం మాత్రం ఆలస్యం చేయకండి, నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా అర్జెంట్ అదే. ఆ 8,000 దేనికి కట్టిందో కనుక్కోండి. సరుకు కోసమైతే, వాడని సరుకు రిటర్న్, రీఫండ్ పాలసీ కంపెనీ సైట్‌లో ఉండాలి, కూలింగ్ ఆఫ్ పీరియడ్, అంటే మనసు మారితే జరిమానా లేకుండా తప్పుకునే గడువు, ఎన్ని రోజులో అగ్రిమెంట్‌లో చూడండి. చేరినందుకు ఫీజుగా కడితే, లేదా ఇంకొకర్ని చేర్పిస్తే నీ డబ్బు నీకు వచ్చేస్తుందని మీరు గానీ మేడమ్ గానీ చెప్పి ఉంటే, అది ఇచ్చేయాల్సిన డబ్బే, అలా చెప్పి అమ్మడమే రూల్స్‌కి విరుద్ధం. మీ చేతికి వచ్చిన కమిషన్ భాగం మీరు ముందు ఇచ్చేయండి, యూపీఐలో ఇవ్వండి, క్యాష్ వద్దు. మిగతా దానికి ఆ అమ్మాయి చేతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టించండి, 48 పనిగంటల్లో అందిందని చెప్పాలి, మామూలుగా నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఆమె తరఫున మీరే సాయం చేస్తున్నారని రికార్డులో ఉంటే రేపు మీ మీద కేసు అనే మాట వచ్చినా మీకు అదే అండ.

సైబర్ క్రైమ్ అన్నావిడకి ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి, కంపెనీ పేరు చెప్పకుండా పెట్టడం నా తప్పు, మీ నంబర్ తీసేశాను, ఇక పెట్టను అని. వివరణలు, అప్‌లైన్ కథలు వద్దు. ఆ మెసేజ్‌కి ఆవిడ తిట్టినా జవాబు ఇవ్వకండి.

చివరిగా, కంపెనీతో మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ కాపీ మీ దగ్గర ఉందా? ఉంటే ఫొటో తీసి పంపండి, చూసి చెప్తాను. లేకపోతే అది చేతికి వచ్చేదాకా ఏ గ్రూపులోనూ ఏమీ పెట్టకండి.