15 ఊళ్లతో రక్తహీనత ట్రయల్: ఊరికి ఎక్కువమందిని తీసుకుంటే పవర్ వస్తుందా?

మీ ట్రయల్‌కి ఎంతమంది కావాలో అడిగారు. మీ లెక్క ఇదీ: మహిళలకు ఐరన్ మాత్రల పంపిణీలో మార్పును ఊరు యూనిట్‌గా పరీక్షిస్తున్నారు. రక్తహీనత 60 శాతం నుంచి 50కి తగ్గాలి. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనుకునే అవకాశం)కి కాలిక్యులేటర్ ఆర్మ్‌కి, అంటే పోల్చే రెండు గుంపుల్లో ఒక్కోదానికి, 385 మంది కావాలంది. ఆర్మ్‌కి 15 ఊళ్లు, ఊరికి 26 మంది, మొత్తం 390. సరిపోదంటే ఊరికి 100 మందిని తీసుకుంటామంటున్నారు. రెండూ సరిపోవు.

385 అనేది మనిషి మనిషినీ విడిగా రాండమైజ్ చేసినప్పటి (లాటరీలా గుంపుల్లోకి పంచినప్పటి) సంఖ్య. ఒకే ఊరివాళ్ల తిండి, నీళ్లు, మాత్రలిచ్చే ఏఎన్‌ఎమ్ ఒకటే కాబట్టి వాళ్ల ఫలితాలూ కొంత కలిసే ఉంటాయి. ఆ కలయికకు కొలత ఐసీసీ (ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్). అది 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (దీనివల్ల శాంపిల్ ఎన్ని రెట్లు కావాలో చెప్పే సంఖ్య) 1 + (26 − 1) × 0.05, అంటే 2.25. మీ 390 మంది నిజానికి 173 మందితో సమానం. పవర్ దాదాపు 47 శాతం. ఊరికి 100 మందిని తీసుకున్నా డిజైన్ ఎఫెక్ట్ 5.95 అవుతుంది, పవర్ 62 శాతం దగ్గరే ఆగుతుంది. 385 × 0.05 = 19.25. అంటే ఆర్మ్‌కి కనీసం 20 ఊళ్లు లేకపోతే, ఊరంతటినీ పరీక్షించినా 80 శాతం రాదు.

ఊరికి 26 మందే అయితే ఆర్మ్‌కి 34 ఊళ్లు కావాలి. ఊళ్ల సైజుల్లో తేడా ఉంటే (సీవీ, అంటే సైజుల స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగిస్తే వచ్చేది, 0.5) అది 39 అవుతుంది. క్లస్టర్లు (ఇక్కడ ఊళ్లు) తక్కువైనప్పుడు ఆర్మ్‌కి ఇంకొకటి కలపడం మంచి అలవాటు. మధ్యలో ఊరికి ఊరే తప్పుకోవచ్చు, దానికి విడిగా మార్జిన్ పెట్టండి. మనుషుల డ్రాపవుట్ లెక్క దాన్ని పూడ్చదు.

ఐసీసీ ఎక్కడిది? నాలుగైదు ఊళ్ల పైలట్ నుంచి మాత్రం తీయకండి, ఆ అంచనా ఎటైనా ఊగుతుంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటాలో పీఎస్‌యూ కోడ్ (ఎవరు ఏ ఊరు లేదా వార్డు క్లస్టర్‌వాళ్లో చెప్పేది) ఉంటుంది కాబట్టి మీ జిల్లాల హిమోగ్లోబిన్‌కి అక్కడే లెక్కకట్టొచ్చు. ఒకే సంఖ్యకు కట్టుబడకుండా ప్రోటోకాల్‌లో మూడు చూపించండి: 0.02కి 23 ఊళ్లు, 0.05కి 34, 0.10కి 52. ఇవన్నీ ఆర్మ్‌కి, సమాన సైజులకు.

ఊళ్లు పెరగవంటే రక్తహీనత ఉందా-లేదా అనే అవునా-కాదా ఫలితం వదిలి, హిమోగ్లోబిన్ గ్రాముల్నే ప్రధాన ఫలితంగా పెట్టుకోండి. డెసిలీటరుకు 12 గ్రాముల దగ్గర గీత గీస్తే 11.8కీ 8కీ తేడా పోతుంది. అదే మహిళల బేస్‌లైన్ (ట్రయల్ మొదట్లోని) విలువను మోడల్‌లో పెడితే ఇంకొంత కలిసొస్తుంది. కొలిచేటప్పుడు ఒక ఊరికి ఒకే మీటరు, ఒకే టెక్నీషియన్‌ని కేటాయించకండి. మీటరులోని తేడా ఊళ్ల మధ్య తేడాగా మారి ఐసీసీని పెంచేస్తుంది. మీటర్లు ఊళ్లన్నీ తిరగాలి, రెండు ఆర్మ్‌లలోనూ.

విశ్లేషణకు మామూలు కై-స్క్వేర్ వద్దు. మిక్స్‌డ్ మోడల్ గానీ, చిన్న శాంపిల్ కరెక్షన్‌తో జీఈఈ గానీ వాడండి, ఇవి ఒకే ఊరివాళ్ల పోలికను లెక్కలోకి తీసుకుంటాయి. ఆ కరెక్షన్ లేకపోతే 40 లోపు క్లస్టర్లకు పీ-విలువలు ఉండాల్సినదానికంటే చిన్నగా వస్తాయి.