స్టేషన్ వ్యాగన్ కొందామనుకుంటున్న మా అబ్బాయికి

చిరంజీవి సుధాకర్‌కు, పెదనాయన ఆశీస్సులు.

స్టేషన్ వ్యాగన్, అంటే డిక్కీ విడిగా లేకుండా పైకప్పు వెనకదాకా సాగిన పొడుగు కారు, కొనాలని ఉందని, ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదని రాశావు. నేనైతే కొనమనే చెప్తాను. నీ అవసరానికి అంతకంటే కుదిరే బండి లేదు. కాకపోతే మనలాంటివాళ్లు కొనగలిగే వ్యాగన్లు తయారవడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. అందుకని మామూలు సెకండ్ హ్యాండ్ కారుని చూసినట్టు చూస్తే సరిపోదు.

పొదలకూరు తోటకీ నెల్లూరు ఇంటికీ మధ్య నువ్వు ఏమేం మోస్తుంటావో ఒకసారి తలుచుకో. డ్రిప్పు పైపు చుట్టలు, మందు కొట్టే స్ప్రేయరు, నిమ్మకాయల బస్తాలు. మామూలు కారు డిక్కీలో పైపు చుట్ట పెడితే మూత పడదు. జీపులాంటి ఎత్తు బండిలో అన్నీ పడతాయి కానీ ప్రతి బస్తానీ నడుం దాకా లేపాలి. వ్యాగన్‌లో వెనక తలుపు పైకెత్తితే లోపలి నేల మోకాలికి కాస్త పైన ఉంటుంది, అంతే. బస్తా ఒక కొనని అంచుమీద ఆనించి, రెండో కొన పట్టుకుని నెట్టావంటే అదే లోపలికి జారిపోతుంది. వెనక సీటు మడిస్తే ముందు సీట్ల దాకా మంచం వేసినంత చోటు.

మీ జేజి సంగతి కూడా చూడు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఎత్తు బండి ఎక్కలేకపోతోంది. వ్యాగన్ సీటు మామూలు కారు సీటంత ఎత్తులోనే ఉంటుంది. పెంచలకోనకి బయల్దేరినా ఆమె చక్రాల కుర్చీ మడిచి వెనక పెట్టేసుకోవచ్చు. హైవే మీద కూడా కారు నడిపినట్టే ఉంటుంది, మలుపుల్లో అటూ ఇటూ ఊగదు.

ఇంత మంచి బండ్లయితే ఎందుకు ఆగిపోయాయని మీ నాన్న అడుగుతాడు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. ఆ తర్వాత మారుతి బలేనో ఆల్టురా, ఫియట్ సియెనా వీకెండ్, ఒపెల్ కోర్సా స్వింగ్, టాటా ఇండిగో మరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి వచ్చాయి. మనవాళ్లకి డిక్కీ విడిగా బయటికి కనబడితేనే కారు కింద లెక్క. వ్యాగన్‌ని చూసి అంబులెన్స్‌లా ఉందన్నారు. పైగా 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజన్ కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో కంపెనీలన్నీ పొట్టి బండ్ల వైపు వెళ్లాయి. బండిలో లోపం ఉండి పోయినవి కావు.

నీకు నా సలహా ఇండిగో మరీనా. అదే ఇంజన్ ఉన్న ఇండికా, ఇండిగో టాక్సీలు ఊరూరా తిరిగాయి కాబట్టి ఆ ఇంజన్ పని మన ఆటోనగర్‌లో చాలామందికి తెలుసు. బలేనో ఆల్టురా పెట్రోల్ బండి, నడపడానికి దానంత హాయిగా ఉండేది తక్కువ. బాగా ఉంచిన ఆల్టురా దొరికితే నేను నిన్ను ఆపను. ఆక్టేవియా కాంబి గొప్ప బండే కానీ రిపేరు ఖర్చు ఎక్కువ. ఒపెల్, ఫియట్ కార్లు ఇప్పుడు మన దేశంలో అమ్మడం లేదు. రోజూ తోట పనికి తిప్పేవాడు వాటి జోలికి పోకపోవడం మేలు.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకో. వ్యాగన్‌కి ముందు సగం సెడాన్‌దే, అంటే అదే పేరున్న డిక్కీ కారుదే. ఇంజన్, గేరుబాక్సు, ముందు తలుపులు, లైట్లు ఏది పోయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. వెనక సగం మాత్రం ఆ బండికే సొంతం. వెనక తలుపు, దాని పెద్ద అద్దం, పక్క అద్దాలు, వెనక లైట్లు, బంపరు పోతే నెలలు తిరిగినా దొరక్కపోవచ్చు. పొగ కక్కే ఇంజన్ ఉన్నా సరే, వెనక భాగం చెక్కుచెదరని బండినే ఎంచుకో. ఇంజన్ బాగు చేయించుకోవచ్చు.

బండి దగ్గరికి వెళ్లగానే వెనక నుంచే మొదలుపెట్టు. కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి తడిమి చూడు. తలుపు చుట్టూ రబ్బరు బీడింగు ఎండిపోతే నీళ్లు దిగి చేరేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఆ రబ్బరు సందుల్లోంచి సైలెన్సర్ పొగ కూడా లోపలికి వస్తుంది, పిల్లలు కూర్చునే బండికి అది మంచిది కాదు. తలుపు మూసి, నువ్వు లోపల టార్చి పట్టుకుని కూర్చో, బయట నుంచి ఎవరినైనా పైపుతో నీళ్లు కొట్టమను. సముద్రం దగ్గర ఊళ్లలో తిరిగిన బండయితే కింద పడుకుని మరీ చూడాలి, ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు.

చెన్నై బండి చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే తొందరపడకు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో అక్కడ మునిగిన కార్లు ఎన్నో. మన దగ్గరా 2021 నవంబరులో పెన్నా పొంగింది. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడు. పైన శుభ్రంగా ఉండి, లోపల చుట్టుకున్న భాగంలో మట్టి చార కనిపిస్తే ఇంకేం మాట్లాడకుండా వచ్చెయ్.

ఇంజన్ లోపలి భాగాల్ని వేళ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు. బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకో, కొన్న వారంలోనే మార్పించు. ఏసీని పొద్దున చల్లపూట కాదు, మిట్టమధ్యాహ్నం చూడు. ఇన్ని అద్దాలున్న బండి రోహిణి కార్తెలో చల్లబడాలంటే ఏసీ గట్టిగా ఉండాలి.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఈ బండ్లన్నీ 15 ఏళ్లు దాటినవే. ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేశారా, ఎప్పటిదాకా ఉందో చూడు. రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు. 20 ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. ఫైనాన్స్ ఉండి తీరిపోయిందంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టిన ఫామ్ 35 తీసుకో. పక్క రాష్ట్రం బండయితే అక్కడి రవాణా ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ కావాలి, మళ్లీ ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఇవన్నీ కలుపుకుంటే చవక కాస్తా పోతుంది. అందుకే ముందు ఏపీ 26, ఏపీ 27 నంబర్లవే, అంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల బండ్లే వెతుకు. పాత ఓనరు ఎవరో, బండి ఎలా వాడాడో నాలుగు చోట్ల అడిగితే తెలుస్తుంది.

ఇంకొకటి. వెనక సామానుకీ మనుషులకీ మధ్య గోడ ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే స్ప్రేయరు నేరుగా పిల్లల తల మీదికి వస్తుంది. ఎంత దగ్గరి ప్రయాణమైనా తాడుతో కట్టు. ఇంటిల్లిపాదీ ఎక్కిన రోజు బస్తాలు వెయ్యకు. వానాకాలం తోటలోకి దించకుండా రోడ్డు మీదే ఆపుకో.

అడిగిన మొదటి బండినే కొనేయాలని టెన్షన్ పడకు, దొరికిందాకా ఇప్పుడున్నది నడిపించు. కొన్నాక టైర్లకీ, బ్యాటరీకీ, బెల్టుకీ కొంత డబ్బు పక్కన ఉంచుకుని మిగిలినదాంట్లోనే బేరం ఆడు. కోడలిని కూడా తీసుకెళ్లి ముందు, వెనక రెండు సీట్లలోనూ కూర్చోబెట్టి అడుగు. నచ్చింది కనిపిస్తే అడ్వాన్సు ఇచ్చేముందు నాకు ఫోన్ చెయ్యి, కావలి నుంచి ఎంతసేపు, పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాయన,
కావలి