కోడలి ఉద్యోగం తెలుగులో చెప్పడం ఎలా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మా కోడలు అమెరికాలో సియాటిల్ దగ్గర ఒక నగర ప్రభుత్వంలో డైవర్సిటీ, ఈక్విటీ వ్యవహారాలు చూసే విభాగానికి పెద్దగా ఉంది. ఇక్కడి తెలుగు సంఘం పత్రికలో ఆమెను పరిచయం చేస్తూ ‘నగర ప్రభుత్వంలో వైవిధ్యత మరియు సమానత్వ పనికి నాయకత్వం వహిస్తున్నారు’ అని వేశారు. తెనాలిలో ఉన్న మా ఆడపడుచు అది చదివి ఫోన్ చేసి, ‘ఇంతకీ అమ్మాయి చేసే పనేంటి వదినా?’ అంది. చెప్పబోతే నాకూ మాటలు దొరకలేదు. వైవిధ్యత అనడం సరైనదేనా? ఈక్విటీకి సమానత్వం సరిపోతుందా, సమత అనాలా? రేస్ అన్నచోట జాతి అనవచ్చా? నగరానికి ‘ప్రభుత్వం’ అనే మాట వాడవచ్చా? ఇంకొకటి: ‘ఆధ్వర్యంలో’ అని రాస్తే మా సంపాదకులు తప్పంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బెల్‌వ్యూ

సమాధానం: అమ్మా, మీ ఆడపడుచు గారు అడిగింది సబబైన ప్రశ్న. ఆ వాక్యంలో తప్పు మాట ఒక్కటే ఉంది. మిగతావన్నీ నిఘంటువుల్లో ఉన్నవే, వ్యాకరణం ఒప్పుకునేవే. అయినా చదివినవారికి ఏమీ తెలియలేదంటే, ఇలాంటి పని గురించి మనవాళ్ళు మాట్లాడుకునే మాటలు అందులో లేవన్నమాట.

ముందు ఆ తప్పు సంగతి చూద్దాం. ‘వివిధ’ అనే విశేషణానికి సంస్కృతంలో ‘య’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకి వృద్ధి వచ్చి, అంటే ‘వి’ కాస్తా ‘వై’గా మారి, ‘వైవిధ్యం’ అయింది. అది అప్పటికే భావాన్ని చెప్పే నామం. దానికి మళ్ళీ ‘త’ తగిలించే పని లేదు. వివిధత అనండి, లేదా వైవిధ్యం అనండి. నిపుణత, నైపుణ్యం అలాంటివే. ప్రముఖత, ప్రాముఖ్యం కూడా అంతే. నైపుణ్యత, ప్రావీణ్యత, వైవిధ్యత అనేవి ఒకే పనికి రెండు ప్రత్యయాలు తొడుక్కున్న మాటలు. ‘ఐక్యత’, ‘ప్రాధాన్యత’ కూడా అలా పుట్టినవే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అవి జనం నోట ఎంతగా నిలబడిపోయాయంటే వాటిని ఇప్పుడు కొట్టేయబోతే నవ్వుతారు. ‘జాతీయ సమైక్యత’ని ఎవరు మార్చగలరు? వైవిధ్యతకి మాత్రం ఇంకా అంత బలం రాలేదు, కాబట్టి దిద్దుకోవచ్చు.

‘మరియు’ గురించి మీరు అడగలేదు గానీ, అది కూడా తీసేయండి. తెలుగులో రెండు నామాలు కలపడానికి చివర దీర్ఘం ఇస్తే చాలు: వైవిధ్యమూ సమానత్వమూ.

‘వైవిధ్యం’ వ్యాకరణరీత్యా నిర్దోషి. అయితే తెలుగులో అది మనుషుల దగ్గర కన్నా వస్తువుల దగ్గర, కళల దగ్గర ఎక్కువగా తిరుగుతుంది. నటుడు వైవిధ్యమైన పాత్రలు వేస్తాడు, విందులో వంటకాల వైవిధ్యం ఉంటుంది. ఇక ‘జీవవైవిధ్యం’ అందరికీ తెలిసిన మాట. 2012 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ సదస్సు పుణ్యాన గచ్చిబౌలిలో ‘బయోడైవర్సిటీ’ ఒక కూడలి పేరైపోయింది. కాబట్టి ‘వైవిధ్య అధికారి’ అంటే తెనాలిలో వినేవారికి అటవీశాఖ గుర్తుకొచ్చినా తప్పు పట్టలేం. ‘భిన్నత్వం’ అనవచ్చా అంటే, ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని బడిలో వల్లించినవాళ్ళమే గానీ, ‘భిన్న’ అసలు అర్థం పగిలినది, విడిపోయినది. ఛిన్నాభిన్నంలో ఉన్నది ఆ భిన్నమే, లెక్కల్లో భిన్నాలూ అవే. ఉద్యోగం పేరులో ఆ ఛాయ ఎందుకు?

మరి ఆఫీసుల్లో అన్ని రకాల మనుషులూ ఉండాలన్న సంగతిని తెలుగువాళ్ళు ఏమంటున్నారు? ‘ప్రాతినిధ్యం’ అంటున్నారు. మంత్రివర్గం ఏర్పడిన మర్నాడు ఏ పత్రిక తెరిచినా ఏ జిల్లాకి, ఏ వర్గానికి, మహిళలకి ఎంత ప్రాతినిధ్యం దక్కిందన్న లెక్క కనిపిస్తుంది. మన నగరాల్లో ఇది చట్టంలోనే ఉంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు కేటాయించింది. తెలుగు రాష్ట్రాలు మహిళల వాటాని సగానికి పెంచాయి. అమెరికా నగరాలు సీట్లు ఇలా కేటాయించవు గనుక వాటికి వేరే పద్ధతులు కావలసి వచ్చాయి, వాటిని చూసుకునే ఉద్యోగాలూ వచ్చాయి. కాబట్టి మీ కోడలి పనిలో డైవర్సిటీ అన్న భాగాన్ని ‘అన్ని వర్గాల ప్రాతినిధ్యం’ అంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. తెలంగాణలో ‘సబ్బండ వర్గాలు’ అని ఇంకా చక్కటి మాట ఉంది. దాని వెనక కులవృత్తుల జనం ఉన్నారు కాబట్టి సియాటిల్‌లోని సోమాలీలకీ వియత్నామీలకీ అది అతకదు. వర్గాలు చాలు.

ఇక ఈక్విటీ. దీన్ని లిప్యంతరం చేసి వదిలేస్తే చదివేవారికి షేర్ మార్కెట్ గుర్తొస్తుంది. అమెరికాలో ఉన్నవారికైతే ఇంటి లోను కూడా. అందుకని తెలుగు మాట కావలసిందే. ఏ మాట అని తేల్చేముందు అసలు విషయం ఏమిటో మీ ఊరి పక్కనే చూద్దాం.

సియాటిల్‌లో కరెంటు సంస్థ నగరానిదే, పేరు సియాటిల్ సిటీ లైట్. ఒకప్పుడు అక్కడ వీధిదీపం ఆరిపోతే, ఫిర్యాదు వస్తే మార్చేవారు. చూడటానికి ఎంత సమానమైన నియమం! ఎవరు ఫోన్ చేసినా మారుస్తారు. కానీ ఫోన్ చేసేదెవరు? ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారు, ఆఫీసులంటే భయం లేనివారు, చెబితే పని జరుగుతుందన్న నమ్మకం ఉన్నవారు. పేటలు పోల్చి చూస్తే, నల్లజాతివారూ వలస వచ్చినవారూ ఎక్కువగా ఉన్నచోట ఫిర్యాదులు తక్కువ వస్తున్నాయని తేలింది. అప్పుడు పద్ధతి మార్చారు. ఎవరూ అడగకపోయినా, దీపం ఆయుష్షు తీరే వేళకి వరసగా మార్చుకుంటూ పోవాలన్నారు. మొదటి పద్ధతిలో సమానత్వం ఉంది. రెండో పద్ధతిలో ఉన్నదే ఈక్విటీ. సియాటిల్‌లో ఈ పని 2004లో మేయర్ గ్రెగ్ నికెల్స్ కాలంలో పెద్దయెత్తున మొదలైంది. తర్వాత ప్రతి శాఖా కొత్త పథకానికో బడ్జెట్‌కో ముందు ‘దీనివల్ల ఎవరికి మేలు, ఎవరి మీద భారం’ అని వేసుకోవలసిన ప్రశ్నల పట్టిక కూడా తయారుచేశారు.

కాబట్టి ‘సమానత్వం’ ఇక్కడ సరిపోదు. సమత? ఇంగ్లీషులో ఉన్న రెండు మాటలకీ సమానత్వం, సమత అని చెరొకటి పంచిపెడితే లెక్క సరిపోతుందని కొందరు అనుకుంటారు. తెలుగులో ఆ రెంటికీ అర్థంలో తేడా లేదు. శంషాబాద్ పక్కన ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని ‘సమతామూర్తి’ అంటున్నాం, ఇంగ్లీషులో దాన్ని స్టాచ్యూ ఆఫ్ ఈక్వాలిటీ అన్నారు. జనం ఒకటిగా వాడే రెండు మాటల మధ్య పండితులు గీసిన గీత కాగితం మీదే ఉండిపోతుంది. ‘సమత్వం’ అంటే మనసు నిబ్బరం అనే వేదాంతపు అర్థం ముందుకొస్తుంది. ‘సమన్యాయం’ బాగానే వినిపిస్తుంది గానీ, పౌరశాస్త్రం పుస్తకాల్లో ‘సమన్యాయ పాలన’ అంటే ఎంతటివాడైనా చట్టానికి లోబడినవాడే అని అర్థం. అంటే వీధిదీపాల కథలో మొదటి పద్ధతికే దగ్గర.

అచ్చతెలుగు కావాలంటే పాత కాలంలో ఒక మంచి మాట ఉండేది, ‘తగవు’. తగు అనే ధాతువు నుంచి వచ్చింది, ఎవరికి ఏది తగునో అది. న్యాయానికి ప్రాచీన కావ్యాల్లో ఇదే మాట, న్యాయం తెలిసినవాడు ‘తగవరి’. ఈక్విటీ భావానికి దీనికన్నా దగ్గరి మాట మరొకటి నాకు కనిపించదు. ఏం లాభం? న్యాయం కోసం వెళ్ళేవాళ్ళు పోట్లాడుకునే వెళతారు కాబట్టి అర్థం జారిపోయి, తగవంటే ఇప్పుడు పోట్లాటే. ‘నగర తగవుల విభాగం’ అని బోర్డు పెడితే ప్రహరీ గోడ తగాదాలన్నీ మీ కోడలి బల్ల మీదికి వస్తాయి.

నా ఓటు ‘సామాజిక న్యాయం’కి. కొత్తగా పుట్టించనక్కర్లేదు, బండ మీద చెక్కినట్టు ఉంది మన దగ్గర. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహానికి ‘సామాజిక న్యాయ మహాశిల్పం’ అని పేరు. వెనక ఉంచబడినవారికి అదనంగా చేయి అందించడం కూడా న్యాయంలో భాగమేనన్న అర్థం ఈ మాటకి మన రాజకీయాల్లో, ఉద్యమాల్లో స్థిరపడింది. రాజ్యాంగంలో 14వ అధికరణం అందరూ సమానమంటుంటే, 1951లో చేర్చిన 15(4) వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చంటుంది. ఈ రెండో దాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మనం ఎత్తుకునేది సామాజిక న్యాయాన్నే. బడి పుస్తకాల మొదటి పేజీల్లో అచ్చేసే రాజ్యాంగ పీఠికలో ‘సాంఘిక’ న్యాయం అని ఉంటుంది. అది ఒక తరం ముందరి వాడుక. సంఘం పక్కకు జరిగి సమాజం ముందుకు రావడంతో ‘సామాజిక’ అయింది. సియాటిల్‌వారు కూడా తమ కార్యక్రమం పేరులో సోషల్ జస్టిస్ అనే పెట్టుకున్నారు కాబట్టి ఇది లాక్కొచ్చి అతికించినదీ కాదు.

జాతి సంగతి కాస్త చిక్కే. తెలుగులో ఈ ఒక్క మాట చాలా బరువులు మోస్తోంది. జాతిపితలో దేశం, తెలుగు జాతిలో భాష మాట్లాడే జనం, నల్లజాతిలో రేస్. అందువల్ల ‘జాతి న్యాయం’ అని రాస్తే ఏ జాతీయ న్యాయస్థానమో అనుకుంటారు. ‘వివక్ష’ జోడిస్తే మాత్రం సందేహం తీరిపోతుంది. ‘జాతి వివక్ష’ అంటే తికమక పడేవారు లేరు. ‘వర్ణ వివక్ష’ దక్షిణాఫ్రికా పాఠాల్లో బాగా నలిగిన మాటే అయినా, మనకి వర్ణం అంటే రంగు ఒక్కటే కాదు కదా.

అసలు మీ ప్రాంతంలో ఈ తేడా తెలుగువారికి ఇంటి సంగతి అయి కూర్చుంది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ 6–1 తో శాసనం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే, ప్రతిపాదించినవారు అప్పటి మండలి సభ్యురాలు క్షమా సావంత్. జాతి వివక్షను నిషేధించే చట్టం ముందే ఉండగా కులాన్ని విడిగా పేర్కొనవలసి వచ్చింది. ఆ శాసనంలో కులానికి ఇచ్చిన నిర్వచనం కూడా చూడదగ్గది. పుట్టుకతో సంక్రమించే అంతస్తు, ఆ గుంపులోనే పెళ్ళిళ్ళు, ఆచారమో చట్టమో మతమో ఆమోదించిన అడ్డుగోడలు – ఇవి ఉన్న కరుడుగట్టిన వ్యవస్థ అని. తెలుగులో ‘కులం’ మొదటి అర్థం వంశం, కుటుంబం. కులదైవంలో, కులగోత్రాల్లో ఆ అర్థమే ఉంది. ఆ శాసనం పట్టుకున్నది మాత్రం ఇప్పటి అర్థాన్ని. దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు సామాజిక వర్గం అని మెత్తబరచకండి. మన టీవీల్లో ఆ మర్యాద ఎక్కువైంది. చట్టం కులం అంటే కులం అనే రాయాలి.

‘నగర ప్రభుత్వం’ విషయంలో పత్రికవారిది తప్పేమీ లేదు. మన వైపు ప్రభుత్వం అంటే రాష్ట్రానిదో కేంద్రానిదో, నగరానిది కార్పొరేషన్ లేదా నగరపాలక సంస్థ. రోజువారీ అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. సియాటిల్ లాంటి చోట జనమే మేయరుని నేరుగా ఎన్నుకుంటారు, నగరానికి సొంత పోలీసు ఉంది, సొంత శాసనాలున్నాయి. దాన్ని ప్రభుత్వం అనడమే న్యాయం.

ఇప్పుడు మీ ఆడపడుచు గారికి ఇలా చెప్పండి: ‘అమ్మాయి ఊరి ప్రభుత్వంలో సామాజిక న్యాయ విభాగం చూస్తుంది. ఊళ్ళో రోడ్లు, దీపాలు, ఉద్యోగాలు, కాంట్రాక్టులు అన్ని వర్గాలకీ సరిగా అందుతున్నాయా లేదా చూసి, అందనిచోట పద్ధతి మార్పించడం తన పని.’ పత్రికలో అయితే దీనికి ముందు ఆమె ఉద్యోగం అసలు పేరు తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు ఇవ్వాలి. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి తన కార్యక్రమాలను రద్దు చేశాక, కొన్ని సంస్థలు ఆ పేర్లే మార్చుకున్నాయి. ఆమె కార్డు మీద ఏముందో దాన్ని మనం మార్చకూడదు.

మిగిలింది ఆధ్వర్యం. మీ సంపాదకులు శాస్త్రం తెలిసినవారే. యజ్ఞంలో యజుర్వేద విధులు నిర్వహించే ఋత్విక్కు అధ్వర్యుడు, అతని పని ‘ఆధ్వర్యవం’. ఆ చివరి ‘వ’ వాడుకలో రాలిపోయి చాలా కాలమైంది. ‘ఆధ్వర్యంలో’ అనే మాటని ఇప్పుడు తప్పనడం కష్టం, నేనైతే దిద్దను. అధ్వర్యుడంటే పీఠం మీద కూర్చునేవాడనుకునేరు. నేల కొలవడం, వేదిక కట్టడం, కట్టెలూ నీళ్ళూ సమకూర్చడం అన్నీ అతనే. కాబట్టి ఒక సభో శిబిరమో దగ్గరుండి జరిపించినప్పుడు ‘ఫలానావారి ఆధ్వర్యంలో’ అంటే నప్పుతుంది. ఏడాది పొడుగునా నడిచే విభాగానికి అధిపతి అన్నా, బాధ్యురాలు అన్నా చాలు.