ఆరోగ్యశ్రీ ఉండగా హెల్త్ పాలసీ ఎందుకు?

ప్రశ్న: మాది సూర్యాపేట. స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతున్నాను. వయసు 41. భార్య, ఇద్దరు పిల్లలు, 72 ఏళ్ల అమ్మ ఉన్నారు. రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు వస్తుంది. మా నలుగురికీ కలిపి ఉన్న 5 లక్షల ఫ్లోటర్ పాలసీ (అందరికీ ఉమ్మడిగా ఒకే బీమా మొత్తం) మానేయొచ్చా?

జవాబు: మానేయకండి. ఆరోగ్యశ్రీ విలువ నేను తక్కువ చేయడం లేదు. 2007లో మొదలైనప్పటి నుంచి గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవాల్సిన దుస్థితి ఎన్నో ఇళ్లకు తప్పించింది. కానీ డబ్బు కట్టేది ప్రభుత్వం కాబట్టి, ఏ చికిత్సకు, ఏ ఆసుపత్రిలో, ఎంత రేటుకు అన్నదీ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ప్యాకేజీల జాబితాలో లేని జబ్బుకు కార్డు పనిచేయదు. బకాయిలు పేరుకుపోతే ఆసుపత్రులు చేతులెత్తేస్తాయి. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే? నా భయం అదే.

బీమా కంపెనీ కడుతున్నా షరతులు దానివే. మీ పాలసీ తీసి రూమ్ రెంట్ లిమిట్ చూడండి. బీమా మొత్తంలో 1 శాతం అని ఉంటే రోజుకు 5 వేలు. క్యాష్‌లెస్ కదా అని 10 వేల రూమ్ తీసుకుంటే, అదనపు అద్దె ఒక్కటే మీ మీద పడుతుందనుకోవద్దు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లాంటి వాటిలోనూ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులకు ఈ కోత ఉండదు. అడ్మిషన్ కౌంటర్‌లో ‘మా పాలసీలో రూమ్ అర్హత ఎంత’ అని ముందే అడగండి. వీలైతే ఈ లిమిట్ లేని పాలసీకి పోర్ట్ అవ్వండి, అంటే ఇప్పటిదాకా పూర్తయిన వెయిటింగ్ పీరియడ్ పోకుండా మారండి.

అమ్మగారిని మీ ఫ్లోటర్‌లో చేర్చకండి, పెద్ద వయసును బట్టి ప్రీమియం పెరిగిపోతుంది. 70 దాటిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత చికిత్సకు కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆధార్‌తో వెంటనే చేయించండి. ఆమెకు బీపీ, షుగర్ ఉంటే నెలనెలా మందులు, ఓపీ ఫీజులు మాత్రం మీ జేబులోంచే పోతాయి. అందుకని షాపు పెట్టుబడితో కలపకుండా ఓ లక్ష రూపాయలు వేరే ఎఫ్‌డీలో ఉంచండి.

రెన్యూవల్ గడువు దాటనివ్వకండి. పాలసీ తెగిపోతే పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) మళ్లీ మొదటికొస్తుంది.